గంట మోగే వేళ

"తిన్నడా?" సద్దిగుడ్డ దులిపిన చప్పుడు వినగానే సత్తమ్మ అడిగింది.

"తిన్నడత్తా. రెండు రొట్టెలు," అంది కోడలు సైదమ్మ.

"ఉల్లిగడ్డ?"

"అది గూడ కొరికిండు."

"నా కొడుకేనా! ఉల్లిగడ్డ వాసనకే ఆమడ దూరం ఉరికెటోడు."

"గుట్ట మీద కూసుంటే తెలుస్తది ఆకలి," అని సైదమ్మ నవ్వింది.

సత్తమ్మకు చూపు పోయి నాలుగేళ్లు. పొద్దంతా వాకిట్లో గొంగడి కప్పుకొని, పడమటికి కాళ్లు చాపుకొని కూర్చుంటుంది. కళ్లున్నన్నాళ్లూ ఆమె ఎదురుగా చూసింది, పిలుపు దూరంలో రెండు తాటిచెట్లెత్తున్న సున్నపురాయి గుట్టనే. ఊరి గొర్రెలన్నీ దాని మీద మేసి పెరిగినవే. పోయిన ఎండకాలం సిమెంటు కంపెనీవాళ్లు తూటాలు పెట్టడానికొస్తే, గొర్లకాపరులంతా మందలతో ఎక్కి కూర్చున్నారు. పైన ప్రాణముంటే పేల్చరని ధైర్యం. పోలీసులొచ్చి అందరినీ లారీలెక్కించారు. రాళ్ల సందున దాక్కొని సత్తమ్మ కొడుకు బీరన్న ఒక్కడే మందతో మిగిలాడని, ఆ రోజు సైదమ్మే వచ్చి చెప్పింది.

పొద్దుగూకడానికి చాలా ముందే గుట్ట నీడ వాకిలంతా పరుచుకొని గడప తాకేది. మందను మళ్లించడానికి అదే గుర్తు. ఎక్కేనాడు బీరన్న తల్లితో అన్నాడు: "నీడ గడప తాకంగనే పొట్టేలు గంట ఊపుతనమ్మా. ఇనవడ్డదంటే గుట్ట మనదే."

"ఒక్కసారి కనవడి పొమ్మనరాదే," అంది సత్తమ్మ.

"దిగితే తూటాలు పెడతరత్తా."

"మరి పగటీలి గా పేలుడు?"

"అవతలి గుట్టది."

"రొట్టె నమిల్తె సున్నపు దుమ్ము కరకరమంటాంది."

"గాలికి కొట్టుకొస్తాంది. నీకన్నీ అనుమానాలే!"

సత్తమ్మ గొంగడి భుజాల మీదికి లాక్కుంది. "మీ మామను గూడ గిట్లనే సాగనంపిన బిడ్డా. కృష్ణ దాటి మేపుకొస్తనని పోయిండు. మంద తిరిగొచ్చింది. మనిషి రాలే."

సైదమ్మ సద్దిగుడ్డ మడతపెట్టింది.

"నీడొచ్చిందా?"

జవాబు కొంచెం ఆలస్యమైంది. "వచ్చిందత్తా. గడప తాకింది. మేకపిల్లకు నీళ్లు వెట్టొస్త."

బిందె చప్పుడు దడి అవతలికి పోయింది. ఆ వెనకే గంట మోగింది. ఆగి, మళ్లీ మోగింది. సత్తమ్మ తల వంచుకొని చివరిదాకా విన్నది.

సైదమ్మ రొప్పుతూ వచ్చింది. "విన్నవా అత్తా?"

"ఇన్న బిడ్డా. గుట్ట మనదే." చేయి చాపి, తడుముకుంటూ కోడలి తల నిమిరింది. "రేపు ఉల్లిగడ్డ వద్దు. కారం నూరి పెట్టు, వానికి సయిస్తది."

"సరే అత్తా."

ఇంకా ఎండకు చురుక్కుమంటున్న పాదాలను, కోడలు చూడకుండా, గొంగడిలోకి ముడుచుకుంది.