లోకల్ లాయరు

“వేలిముద్ర ఎయ్యను,” అంది యర్రమ్మ. అనేసి మళ్ళీ అంట్లు తోముకోవడం మొదలెట్టింది.

నాగలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా తన ఇంట్లో తిని, తన చీరలు కట్టి, తన పెరటి గదిలో పడుకుంటున్న పనిమనిషి! ఇల్లు అమ్ముకుందామంటే అడ్డం తిరుగుతుందా?

కాగితాల్లో మాత్రం ఇల్లు యర్రమ్మదే. అరకు ఏజెన్సీ ప్రాంతం. గిరిజనులు కానివాళ్ళ పేరున ఇక్కడ ఇల్లు రిజిస్టర్ కాదు. అందుకని, మైదానం నుంచి కొండెక్కిన షావుకార్లు చాలామంది చేసే పనే నాగలక్ష్మి భర్త రమణమూర్తీ చేశాడు. బజార్లో కిరాణా కొట్టు పెట్టాడు. తన డబ్బుతో ఇల్లు కొన్నాడు. నమ్మకమైన కొండమనిషి పేరున రాయించాడు. నాగలక్ష్మి కాపురానికి వచ్చేసరికే ఇల్లూ ఉంది, పెరట్లో యర్రమ్మా ఉంది.

“యర్రమ్మ మనల్ని మోసం సెయ్యదు,” అన్నాడు రమణమూర్తి అప్పట్లో.

నాగలక్ష్మి నమ్మింది. జీతం పెంచమని ఒక్కనాడూ నోరు తెరవని మనిషిని ఎవరు మాత్రం నమ్మరు? అమ్మగారూ అని పిలవడం చేతకాక “సెల్లీ” అంటే, కొండవాళ్ళకి మర్యాదలు తెలీవులే అని సరిపెట్టుకుంది. ఏటా చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండక్కి యర్రమ్మని బండి మీద వాళ్ళ ఊళ్ళో దిగబెట్టి, రమణమూర్తి కూడా రెండ్రోజులు అక్కడే ఉండి వచ్చేవాడు. కొండవాళ్ళతో కలిసిమెలిసి లేకపోతే కొట్టు నడవదట. దారిలో తినమని ఇద్దరికీ పులిహోర కట్టిచ్చింది కూడా నాగలక్ష్మే.

ఇప్పుడామెకి పార్వతీపురం వెళ్ళిపోవాలని ఉంది. కూతురు సౌజన్య అక్కడ అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ గుంట అడిగేది ఒకటే. “ఎప్పుడొచ్చేత్తారే అమ్మా?” ఇల్లు కొనడానికి హెడ్మాస్టరు ధనరాజు సిద్ధంగా ఉన్నాడు. ఆయన గిరిజనుడే కాబట్టి చట్టంతో పేచీ లేదు. యర్రమ్మ వేలిముద్ర ఒక్కటే తక్కువ.

మంచి లాయరుని చూడమని నాగలక్ష్మి భర్త ప్రాణం తీసింది.

“వైజాగ్ లాయరుకి ఈ కొండ చట్టాలేటి తెలుస్తాయి?” అన్నాడు రమణమూర్తి. పార్వతీపురంలో నాన్నకి తెలిసినాయన ఉన్నాడు కదా అంటే, “ఊరంతా సాటేత్తాడు,” అన్నాడు. చివరికి, “ఇప్పుడంత తొందరేటొచ్చింది?” అన్నాడు.

ఇక లాభం లేదని ఆమే బయల్దేరింది. బస్టాండు ఎదురుగా కొత్తగా బోర్డు పెట్టిన సౌందర్య అనే అమ్మాయిని కుదుర్చుకుంది. కొండమీద పుట్టి పెరిగిన పిల్ల. యర్రమ్మ మాట్లాడే కువి భాష వచ్చు. వాళ్ళ మాటలో చెబితే ఆ మొండితనం కరక్కపోతుందా అని నాగలక్ష్మి ఆశ.

రమణమూర్తి ఎగిరిపడ్డాడు. “లోకల్ లాయరా? నీకు మతుందా? ఆల్లూ ఆల్లూ ఒకటే. ఇద్దరూ కలిసి ఇల్లు లాగేసుకుంటారు.”

“మీరు సెయ్యరు, ఒకర్ని సెయ్యనివ్వరు!” అంది నాగలక్ష్మి.

అంది కానీ, సౌందర్య నేరుగా పెరట్లోకి వెళ్ళి యర్రమ్మ పక్కన నేలమీద చతికిలబడేసరికి గుండె జారింది. ఇద్దరూ కువిలో గుసగుసలు. యర్రమ్మ ఎప్పుడూ లేనిది కళ్ళొత్తుకుంది. సౌందర్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆయన చెప్పిందే నిజమైందా, కొరివితో తల గోక్కున్నానా అనుకుంది నాగలక్ష్మి.

ఏడుపొచ్చింది. ఇల్లు పోతుందని కాదు. బాలింతగా ఉన్నప్పుడు తనకి పథ్యం వండి పెట్టిందీ, సౌజన్యకి లాలపోసి పెంచిందీ ఆ చేతులే. అంతగా నమ్మిన మనిషి ఇంత ద్రోహం చేస్తుందా? వీధిలో ముక్కూమొహం తెలియనివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. దీన్నెలా తట్టుకోవడం?

ముందు గదిలో రమణమూర్తి లేచి నిలబడ్డాడు. రోజూ కొట్లో బేరాలాడేది ఆ భాషలోనే కాబట్టి పెరట్లో ప్రతి మాటా అతనికి అర్థమవుతోంది.

“ఏటంటందండీ?” అంది నాగలక్ష్మి.

“ఏటుంది... సరుకు లారీ వచ్చే టైమయింది. నే బేగెల్లాల.”

“కూకోండి. ఇదేదో తేలాక ఎల్దురు.”

సౌందర్య లోపలికి వచ్చింది. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

“వేలిముద్ర వేస్తానంటోందండీ,” అంది.

నాగలక్ష్మి ప్రాణం లేచొచ్చింది. “ఎంతడుగుతంది?”

“పైసా వద్దంది. ఇంటి డబ్బంతా మీరే తీసుకోమంది. పాపని బాగా చదివించుకోమంది.”

నాగలక్ష్మికి సిగ్గేసింది. అనవసరంగా అనుమానించాను పాపం, వెళ్ళేటప్పుడు మంచి పట్టుచీర పెట్టాలి అనుకుంది. “మరిన్నాళ్ళూ ఎందుకు మొండికేసినట్టు? దానికేటి కావాలట?”

సౌందర్య గుమ్మం వైపు చూసింది. రమణమూర్తి వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“తన మొగుణ్ణి మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్ళమంటోంది.”