కిటికీ పక్క సీటు

"మధ్యలో దిగి ఎక్కే పనే లేదక్కా! ఇక్కడ ఎక్కితే తిన్నగా ఓడరేవు ఊళ్ళోనే దిగడం. ఇద్దరికీ పక్కపక్కన సీట్లు. కిటికీ నాదే."

చిన్నకోడలు ఫోను తీసి కౌంటరు మీద పెట్టింది. కళ్ళజోళ్ళ దుకాణంలో, ఆవిడ కళ్ళజోడుకే మర బిగిస్తున్న పెద్దకోడలి చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. అద్దం మీద గీత పడబోయి తప్పింది.

అన్నదమ్ములిద్దరూ భార్యలతో కలిసి వారం రోజుల ఓడ విహారానికి వెళ్తున్నారు. ఓడ ఒక్కటే, అక్కడిదాకా వెళ్ళే విమానాలే వేరు. పెద్దవాళ్ళు విమానం టికెట్లు కూడా ఓడ కంపెనీ ద్వారానే తీసుకున్నారు. చిన్నవాళ్ళు నేరుగా విమానం కంపెనీ దగ్గర కొనుక్కున్నారు, అదీ తక్కువకే.

"మీ సీట్లు ఎక్కడొచ్చాయక్కా?"

పెద్దకోడలికి పన్నెండో వరస వచ్చింది. ఆవిడ భర్తకి ముప్ఫై ఒకటో వరస. పైగా దారిలో ఒకచోట విమానం మారాలి. అదంతా చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

"ఎక్కడైతేనేం? ఓడవాళ్ళ దగ్గర తీసుకుంటే నిశ్చింత. ఫ్లైటు లేటైతే వాళ్ళే చూసుకుంటారు. నీది లేటైతే ఓడ ఆగుతుందా?"

"ఆగదా అక్కా?"

"ఎందుకాగుతుంది? కెప్టెన్ మీ మేనమామా?"

చిన్నకోడలు నవ్వి, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వు పెద్దకోడలికి పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ తర్వాత వచ్చిన ఇద్దరికి ఒకరి కళ్ళజోడు ఒకరికి ఇచ్చేసింది.

ఇంటికెళ్ళేసరికి భర్త చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మీ తమ్ముడికున్న తెలివి మీకెందుకు లేదండీ?"

"ఇప్పుడేమైంది?"

"మీ మరదలు కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. నేను మిమ్మల్ని చూడాలంటే పంతొమ్మిది వరసలు నడవాలి."

"ఓడెక్కాక వారం రోజులు నన్నే చూస్తావుగా!"

"ఆ వారం రోజులూ అది తన ప్రయాణం గురించే చెబుతుంది. వినలేక నేను సముద్రంలో దూకాలి."

భర్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేలోగా ఆవిడ ఓడ కంపెనీకి ఫోను చేసేసింది.

"విమానం టికెట్లు మాత్రమే రద్దు చెయ్యమంటారా మేడమ్?" అవతలి అమ్మాయి మర్యాదగా అడిగింది. "చేస్తాం. కానీ ఇకమీదట మీరు ఓడ దగ్గరకి చేరే బాధ్యత మాది కాదు. మీ ఫ్లైటు ఆలస్యమైతే ఓడ ఆగదు."

"ఆగక్కర్లేదు."

తోడికోడలు వెళ్ళే విమానంలోనే, సరిగ్గా ఆవిడ ముందు వరసలో రెండు సీట్లు దొరికాయి. ఒకటి కిటికీ పక్కనే. ఈ సంగతి తమ్ముడికి చెబుతానని భర్త అంటే ఒప్పుకోలేదు.

"ముందే చెబితే అది ఇంకో మెట్టు పైకెక్కుతుంది. విమానంలో నన్ను చూసి దాని ముఖం ఎలా మాడుతుందో నేను చూడాలి."

ప్రయాణం నాడు అందరికంటే ముందే విమానం ఎక్కి, కిటికీ పక్కన సర్దుకుని, మెడ వెనక్కి తిప్పుకుని కూర్చుంది పెద్దకోడలు. వెనక వరసలోకి ఎవరో ముసలి దంపతులు వచ్చి కూర్చున్నారు. తలుపులు మూశారు. చిన్నవాళ్ళ జాడ లేదు. రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు.

"అయ్యో పాపం, ఫ్లైటు తప్పిపోయినట్టున్నారండీ" అంది. గొంతులో జాలి పలికిందిగానీ పెదవుల దగ్గర నవ్వు దాగలేదు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇంజనులో ఏదో తేడా ఉందని విమానాన్ని నాలుగు గంటలు కదలనివ్వలేదు. వాళ్ళు ఓడరేవు ఊళ్ళో దిగి, పెట్టెలు లాక్కుంటూ రేవుకి పరుగెత్తేసరికి ఓడ ఉండాల్సిన చోట నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

"ఇందాకే వెళ్ళిందమ్మా" అన్నాడు ఓడ కంపెనీ గుమాస్తా. "మా ద్వారా విమానం టికెట్లు కొన్నవాళ్ళ ఫ్లైటు కూడా ఆలస్యమైంది. వాళ్ళకోసం ముప్పావుగంట ఆపాం. మీ పేర్లు ఆ జాబితాలో లేవు. ఎల్లుండి ఇంకో రేవులో ఆగుతుంది. మీ ఏర్పాట్లేవో మీరే చేసుకుని అక్కడికెళ్ళి ఎక్కాలి."

భర్త పెట్టె మీద కూలబడ్డాడు.

"నయం, ఆ మహాతల్లి కూడా ఎక్కలేదు" అని ఆవిడ తనకి తానే చెప్పుకుంటుండగా ఫోను మోగింది. చిన్నకోడలు!

"అక్కా! ఎక్కడున్నారు? ఫ్లైటులోనూ కనబడలేదు, ఓడంతా వెతికి వెతికి మా కాళ్ళు పడిపోయాయి!"

"నువ్వు... ఓడలో ఉన్నావా?"

"ఆ! ఆ రోజు మీరన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు. మీకున్న నిశ్చింత నాకెందుకుండకూడదని ఒకటే కుళ్ళు అనుకోండి. తెల్లారగానే మా టికెట్లు రద్దు చేసి, ఓడవాళ్ళనే అడిగాం. మీరు నవ్వుతారని చెప్పలేదు. ముందు ఖాళీల్లేవన్నారు. మధ్యాహ్నానికి వాళ్ళే ఫోను చేశారు, ముందురోజు ఎవరో రెండు సీట్లు వదులుకున్నారట. ఎవరో ఏమోగానీ అక్కా, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి!"