దారం మీద గీత

"మళ్లీ వంకరే నాన్నా!" రైఫిలు స్కోప్ లోంచి కన్ను తీసి విసుక్కుంది కూతురు.

"రసమట్టం పెట్టి మరీ బిగించాను. ఊరికే వంకలు పెట్టకు," అన్నాడు తుపాకులు బాగుచేసే తండ్రి. "ఇన్నేళ్లు లేని వంకర ఇవాళెక్కడిది? నా మీద గురి లేదా నీకు?"

షూటింగ్ పోటీకి ఇంకా గంటే ఉంది. ఆమెకు కాలు నిలవడం లేదు. స్కోప్‌లోని నిలువు గీత ఏమాత్రం ఒరిగినా, దూరం పెరిగేకొద్దీ తూటా పక్కకు పోతుంది.

"అయితే దారంతో తేల్చుకుందాం." ఇనప గుండు కట్టిన దారాన్ని దుకాణం చివర, గోడ మేకుకు వేలాడదీసింది. "గీత దీనిమీద పడితే నోరు మూసుకుంటా."

బల్లకు బిగించి ఉన్న రైఫిలు మీదికి వంగి ఆయన స్కోప్‌కు కన్నానించాడు. అంతలో ముడి ఊడి, దారం గుండుతో సహా ఆమె చేతిలోకి జారింది. ఆగమని చెప్పబోయింది.

"చూశావా! గీత అచ్చంగా దారం మీదే ఉంది," అన్నాడు తండ్రి, గెలిచినట్టు.

ఆమె చేతిలోని దారాన్ని చూసుకుంది. ఖాళీ గోడను చూసింది.

"ఏం, ఉలుకూ పలుకూ లేదు? ఇప్పుడైనా గురి కుదిరిందా?"

ఆయన చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం బల్లంతా తడుముతోంది. అది ఆయన కళ్లెదుటే ఉంది.

ఆమె వచ్చి దాన్ని ఆయన వేళ్లకు అందించింది. "నీ మీద గురికేం నాన్నా, ఎప్పుడూ ఉంది. స్క్రూలు నువ్వే బిగించు. దారం మాత్రం ఇకనుంచి నేను చూస్తాను."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత స్కోప్ స్క్రూను వేలితో తడిమి పట్టుకున్నాడు.

"ఎటు ఒరిగిందమ్మా?" అని అడిగాడు.