బటన్ల ఫోను మీద టెస్టింగు

“మన నంబరు కాస్త ముందుకి జరపరా బాబూ,” అన్నాడు పరదేశి.

ఉదయ్‌కుమార్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. తండ్రి నోట ఈ మాట వినడం ఆ వారంలో ఇది నాలుగోసారి.

చోడవరం అవతల కొత్తగా వచ్చిన ప్రైవేటు చక్కెర మిల్లు వెబ్‌సైటు పని అతనిదే. అందులో రైతుల పేర్లు వరసగా ఉంటాయి. వంతు వచ్చిన రైతు ఫోనుకి కటింగ్ ఆర్డరు మెసేజీ వెళ్తుంది. చెరుకు నరికించి, ట్రాక్టరు తోలుకెళ్లి, గేటు దగ్గర ఆ మెసేజీ చూపిస్తే లోపలికి వదులుతారు. మెసేజీ లేనివాడు ఎంత పెద్దమనిషైనా రోడ్డు మీదే ఉండాలి.

పరదేశి నంబరు రెండు వందల పన్నెండు. రోలుగుంట రోడ్డులో అతని మూడెకరాల చెరుకు అప్పటికే పూతకొచ్చింది. ఇంకో నెల అలాగే నిలబడితే అది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

“కుదరదు నాన్నా. లైవ్ సర్వరు మీద సెయ్యేస్తే నా ఉజ్జోగం పోతాది.”

“లైవంటే ఏట్రా?”

“రెండుంటాయి. లైవు నిజమైంది. అందరికీ ఆర్డర్లు ఎల్లేది దాంట్లోంచే. రెండోది టెస్టుది. సూడ్డానికి అచ్చం అలాగే ఉంటాది గానీ ఉత్తుత్తిది. అందులో మనం ఏటి సేసినా లైవుకి తెలీదు.”

పరదేశి కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“పోనీ, ఆ ఉత్తుత్తిదాంట్లో మన పేరు ముందుకెయ్యి.”

ఉదయ్‌కి నవ్వొచ్చింది, జాలీ వేసింది. పైగా అవసరం కూడా పడింది. ఇంగ్లీషు మెసేజీలు తీసేసి తెలుగువి పంపమని మిల్లువాళ్లు అడిగారు. పని మొదలైందో లేదో, ‘ఇకపై తెలుగు మెసేజీలు కూడా తీసుకోబడును’ అని గేటుకి బోర్డు కూడా కట్టేశారు. మనవాళ్లకి పనికంటే బోర్డు ముందు. తెలుగు పెద్ద ఫోన్లలో బాగానే వస్తోంది. బటన్ల ఫోన్లలో ఎలా వస్తుందో చూడాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బటన్ల ఫోను పరదేశిది.

టెస్టు సర్వరులో తండ్రి పేరు, ఫోను నంబరు ఎక్కించి మీట నొక్కాడు.

“ఏటొచ్చింది నాన్నా?”

“డబ్బాలు.”

ఆ డబ్బాల్ని అక్షరాలు చెయ్యడానికి ఉదయ్‌కి రెండు రోజులు పట్టింది. మూడోనాడు పరదేశి కూడబలుక్కుంటూ చదివాడు. ‘పరదేశి గారికి కటింగ్ ఆర్డరు. ఎనిమిది టన్నులు.’ ముసలాడి మొహం వెలిగిపోయింది. ఉత్తుత్తి ఆర్డరుకే ఇంత సంబరమా అని ఉదయ్‌కి బాధేసింది.

ఇక మొదలయ్యాయి వంకలు.

“పైన టెస్టు అన్న ముక్కేటి? ఈ సిన్న ఫోన్లో అదే సగం సోటు తినేస్తంది. తీసీ.”

తీసేశాడు.

“ఇయాల్టి తారీకు పడింది. నరకాలా, మోపులు కట్టాలా? రేపటిదుండాలి.”

నిజమే. మార్చాడు.

“ట్రాక్టరు నంబరేదీ?”

అదీ పెట్టాడు.

“ఇప్పుడు బాగుంది. ఒకపాలి బాగుంటే సరిపోదు గదా. రేపు మళ్లీ పంపు, సూద్దాం.”

ఉదయ్ పనిచేసే కంపెనీ విశాఖ ఆఫీసు నుంచి హిమబిందు మేడమ్ ఫోను చేసింది. “మీ టెస్టర్ ఎవరండీ? మనవాళ్లకి ఇన్నాళ్లూ తట్టనివన్నీ పట్టేశారు.”

“మా ఫాదర్ మేడమ్.”

“ఇలాంటివాళ్లు ఇక్కడ దొరకరు,” అంది మేడమ్. ఆవిడ మాట అక్షరాలా నిజం.

రోజూ తెల్లారకుండానే ఉదయ్ తల్లి నూకరత్నం పెద్ద గిన్నెతో అన్నం వండి, నాలుగు క్యారేజీలు కట్టి మొగుణ్ణి చేలోకి పంపేది. దిగులుకి ఆకలెక్కువ అవుతుంది కాబోలని ఉదయ్ అనుకున్నాడు. సాయంత్రం తండ్రి చేతుల నిండా ఆకు కోసిన గీతలతో వచ్చి మంచం మీద వాలిపోయేవాడు. ఎండిపోతున్న పైరుని కౌగిలించుకుని ఏడుస్తున్నాడేమో అని కూడా అనుకున్నాడు. చదువుకున్నవాడికి ఊహలెక్కువ.

ఒకరోజు ఇక తట్టుకోలేకపోయాడు. లైవ్ సర్వరు తెరిచాడు. రెండు వందల పన్నెండు తీసేసి పన్నెండు చేశాడు. సేవ్ నొక్కడమే మిగిలింది.

“ఏటి సేస్తన్నావురా?” పరదేశి వెనకే నిలబడి ఉన్నాడు.

“నీ నంబరు ముందుకేస్తన్నాను నాన్నా. ఉజ్జోగం పోతే పోయింది.”

“వద్దు. నిజందాని జోలికెల్లకు. నువ్వు టెస్టే సెయ్యి.”

ఉదయ్‌కి కళ్లు చెమర్చాయి. ఇంత నీతిమంతుడి కడుపున పుట్టినందుకు గర్వపడ్డాడు. మళ్లీ రెండు వందల పన్నెండు చేసి లైవు మూసేశాడు.

అంతా బాగున్నాక పంపినవాటిలో పదకొండో టెస్టుకి పరదేశి, “ఈపాలి ఎనిమిదొద్దు, ఐదు టన్నులెయ్యి,” అన్నాడు. వేశాడు. ఆ మర్నాడు మళ్లీ పంపబోతే, “ఇంక సాల్రా, అంతా బాగుంది,” అన్నాడు.

తెలుగు మెసేజీలు లైవులోకి వెళ్లాయి. వరస నత్తలా కదిలింది. ఎట్టకేలకు ఫిబ్రవరి చివర రెండు వందల పన్నెండో నంబరు వచ్చింది. ఉదయ్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

“నాన్నా, ఇది టెస్టు కాదు, నిజం ఆర్డరే. నీ వంతొచ్చింది. ఎండినకాడికి ఎండింది, మిగిలిందైనా రేపే నరికించు.”

పరదేశి ఫోను దూరంగా పెట్టుకుని మెసేజీ మొత్తం చదివాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఫోను పెళ్లాం చేతికిచ్చి, టీ గ్లాసు అందుకున్నాడు.

“ఇంకా నరకడానికి సేలో సెరుకెక్కడుందిరా బాబూ, నీ పదకొండు టెస్టులూ గేటుకాడ సూపించి ఎప్పుడో తోలీసేను గదా,” అన్నాడు.