తల వంచని మనిషి

"అమ్మో!" అంటూ కొత్త గుడి చూడొచ్చిన టీచరమ్మ నుదురు పట్టుకుంది.

గర్భగుడి గుమ్మం ఠప్పున తగిలింది.

"అందుకే తల వంచమనేది," అన్నాడు గుడి కట్టిన స్థపతి. "దేవుడి ముందు వంగాలనే అంత పొట్టిగా పెట్టా."

పచ్చి అబద్ధం. గుమ్మం ఒక కర్ర ఎత్తు ఉండాలన్నారు. కమిటీ పెద్దాయన పంపిన కొలకర్రతో కొలిస్తే అంతే వచ్చింది. ఇంత కురచ కర్ర ఏమిటని తిట్టుకుంటూనే కట్టాడు.

"గుడంటే పడుకున్న మనిషమ్మా. గోపురం పాదాలు, మండపం పొట్ట, గర్భగుడి తల. శాస్త్రప్రకారం..."

టీచరమ్మ అప్పటికే వెళ్లిపోయింది. మండపంలో నవ్వులు వినిపిస్తే అటు పోయింది.

అక్కడున్నాడు, ఈమధ్యే ఎక్కణ్ణించో ఊడిపడ్డ పొట్టి ముసలాయన.

"చెప్పులు పాదాల దగ్గర విప్పారా? మంచిది. ఇది పొట్ట. ఎవరి మీద ఎంత కోపం ఉందో ఇక్కడే అరగదీసుకోండి. అరగనిది లోపలికి మోసుకెళ్తే గుడికి తలనొప్పి!"

అందరూ పకపకా నవ్వారు. స్థపతికి క్యారియర్ తెచ్చిన భార్య కూడా.

"ఎంత బాగా చెప్తారు బాబాయిగారూ! మా ఆయన చెప్తే ఒక్క ముక్క అర్థమై చస్తేనా!"

గుడి పొట్టలో నిలబడ్డ స్థపతికి సొంత పొట్ట భగ్గుమంది.

ఎండకు మాడింది తను. రాళ్లతో వేళ్లు చితక్కొట్టుకుంది తను. మెప్పు మాత్రం ఆ జానెడు మనిషికా? సొమ్మొకడిది, సోకొకడిది!

"రేపు తొలి దీపం బాబాయిగారి చేత పెట్టిద్దామండీ," అంది టీచరమ్మ.

ఆ దీపం తనదే అనుకుంటున్నాడు స్థపతి. అందుకని కొత్త పంచె కూడా కొనుక్కున్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక పొట్టాయన గర్భగుడిలోకి నడిచాడు. ఇంకా విగ్రహం పెట్టని ఖాళీ గది. తల వంచలేదు.

దొరికాడు దొంగ!

"ఏమయ్యా! దేవుడి గుమ్మం దగ్గర తల వంచవా? అంత పొగరా?"

"తగల్లేదు బాబూ," నవ్వాడాయన.

"తగలకపోతే వంచవా? తల వంచనివాడికి ఈ గుళ్లో చోటు లేదు. రేపు ఈ ఛాయల్లో కనిపిస్తే మర్యాదగా ఉండదు!"

ఆయన నవ్వు ఆగిపోయింది. గోడను అరచేత్తో మెల్లగా తడిమాడు.

"బాగా కట్టావు బాబూ. చూడాలనిపించింది, చూశా. ఇంత దూరం మళ్లీ రాలేను."

చేతిసంచి తీసుకుని వెళ్లిపోయాడు. పీడ విరగడైందని స్థపతి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారి కొత్త పంచెలో వచ్చేసరికి కమిటీ పెద్దాయన హడావిడిగా వెతుకుతున్నాడు.

"ఈ చోటిచ్చినాయన వచ్చాడట, ఏడయ్యా? భార్య పోయాక ఉన్న ఒక్క ఇల్లూ గుడికి ఇచ్చేశాడు. పేరు మాత్రం వేయొద్దన్నాడు. తొలి దీపం ఆయనే పెట్టాలి."

"నేనెవర్నీ చూడలేదండీ. ఎలా ఉంటారు?"

పెద్దాయన గర్భగుడిలోకి తొంగిచూడబోయి తల కొట్టుకున్నాడు.

"ఎలా ఉంటాడేమిటయ్యా!" అన్నాడు నుదురు రుద్దుకుంటూ. "చోటిచ్చినవాడి ఎత్తే గుడికి కొలత అని, నీకు పంపిన కొలకర్ర ఆయన ఎత్తుకి కోయించిందేగా!"

స్థపతి ఆ కర్ర తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు.

తగల్లేదు.