తిరిగే గిన్నె

కూర్చున్నవాడు మళ్ళీ లేచాడు. కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"కూర్చో నాయనా. నువ్వు కాలు కాలిన పిల్లిలా తిరిగితే లోపలివాళ్ళు తొందరపడతారా?" అన్నాడు బల్ల మీద కూర్చున్న పెద్దాయన.

రొట్టెల ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రం నడిపే ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఖాళీ ఒక్కటే. పెళ్ళాం పిల్లలతో బావమరిది ఇంట్లో తలదాచుకుంటున్నాడతను. ఇదీ చేజారితే ఆ ఇంటికి తిరిగి వెళ్ళే మొహం లేదు.

పెద్దాయన అతని దగ్గరికి జరిగాడు. "యంత్రంలో తిరిగే గిన్నె అంచుకి పిండి అంటుకుంటే ఏం చేస్తావని అడుగుతారు. ఏం చెబుతావ్?"

"అదెంత పని? యంత్రం ఆపి గీకిస్తాను."

"చెడగొట్టావ్! తిరుగుతుండగానే గీకిస్తానని చెప్పు."

"మరి గీకేవాళ్ళ చేతులేమవుతాయి?"

"ముందు ఉద్యోగం తెచ్చుకో. వచ్చాక ఆపుదువుగాని."

అతనికి ఒళ్ళు మండింది. "పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చానండీ. అబద్ధం ఆడమంటారా?"

"ఆయన్నే అడుగు. నిజం చెప్పేవాడు బయటికి పోతే, లోపల ఎవరు మిగలాలంటాడో."

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమైందండీ? సాయంత్రం చుట్టాలొస్తున్నారట. గది ఖాళీ చేస్తారా అక్కా అంటున్నాడు తమ్ముడు."

బదులు చెప్పేలోపే లోపలికి పిలిచారు.

మేనేజరు సరిగ్గా అదే అడిగాడు.

ఆ గది, అందులో పిల్లలు అతని కళ్ళ ముందు మెదిలారు.

"ఆపనండీ. తిరుగుతుండగానే గీకిస్తాను."

"శభాష్! రేపటినుంచే వచ్చెయ్."

బయటికి వచ్చేసరికి పెద్దాయన సంచీ భుజాన వేసుకుంటున్నాడు.

"వచ్చిందా?"

"వచ్చింది. నా నోరు మైల చేసి మరీ ఇప్పించారు. ఇంకెంతమందికి నేర్పారండీ ఈ విద్య?"

"నువ్వే మొదటివాడివి. రేపు ఆపుతావుగా?"

అతను మొహం తిప్పుకున్నాడు. పెద్దాయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆఫీసు గుమస్తా వచ్చి యంత్రం గది తాళాలు చేతిలో పెట్టాడు.

"ఎవరండీ ఆ వెళ్ళినాయన? బ్రోకరా?" అడిగాడతను.

"బ్రోకరేంటి బాబూ! ఇన్నాళ్ళూ ఆ యంత్రం నడిపింది ఆయనే. ఇవాళ బాకీ జీతం తీసుకోడానికి వచ్చాడు. గిన్నె గీకే ఆడవాళ్ళ వేళ్ళు నలుగుతాయని, గీకిన ప్రతిసారీ ఆపేస్తున్నాడని పోయిన వారం తీసేశారు."