గోలీ పథ్యం

గోలీ మళ్లీ కక్కింది.

అదీ కొత్త డోర్‌మ్యాట్ మీద. పెళ్లయ్యాక స్నేహలత దుకాణాలన్నీ తిరిగి, ముచ్చటపడి కొనుక్కున్న డోర్‌మ్యాట్ అది.

"మలీద!" అంది స్నేహలత, ముక్కు మూసుకుని వంగి చూస్తూ. "శశాంక్, మళ్లీ ఎవరో మలీద పెట్టిండ్రు. ఇగో, బెల్లం, నెయ్యి వాసన!"

"కిస్మిస్ గిట్ట ఉన్నదా?" భర్త కంగారుగా వచ్చాడు.

"లేదు. ఇయ్యాల్టికి బతికినం."

పెళ్లై మూడు నెలలు. హనుమకొండలో ఒక పెద్ద దవాఖాన వెనక గల్లీలో, మేడ మీద రెండు గదులు. శశాంక్ ఒకరోజు చొక్కాలో దాచి తెచ్చిన లాబ్రడార్ కుక్కపిల్ల గోలీ. స్నేహలతకు రోజూ పండుగలాగే ఉండేది, గోలీ పొట్ట చెడేదాకా.

"నెయ్యి, తీపి, ఉల్లిగడ్డ బంద్," అన్నాడు పశువుల డాక్టర్. "కిస్మిస్ అయితే విషమే అనుకోండి. కిడ్నీలు పోతాయి."

ఆ రోజు నుంచి స్నేహలత గోలీకి తనే వండింది. ఉప్పు లేని చికెన్, అన్నం, గుమ్మడికాయ, అన్నీ తూకం వేసి. క్యారెట్లు మాత్రం పువ్వుల్లా కోసేది.

"నాకెన్నడన్న గిట్ల కోసి పెట్టినవా?" అని శశాంక్ ఉడుక్కునేవాడు.

"నువ్వు గూడ తోక ఊపు, పెడత," అని ఆమె పడీపడీ నవ్వేది.

గోలీ గిన్నె నాకి మెరిపిస్తే ఆమెకు ఆ పూటంతా గాలిలో తేలినట్టుండేది.

ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. గల్లీలో ఏ ఇంట చూసినా సత్తుపిండి, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి, కొందరైతే కిస్మిస్ కూడా కలిపి చేసే మలీద. కుక్క పగలంతా కిందే ఉండాలన్నది ఇంటి ఓనర్ లక్ష్మీనర్సమ్మ షరతు. గేటు పక్కన కట్టేసిన గోలీ, వచ్చేపోయే వాళ్లందరికీ తోక ఊపేది.

స్నేహలత పొద్దున్నే బాల్కనీలో నిలబడి గల్లీకంతా వినబడేలా అరిచేది.

"ఆంటీ! వినోదక్కా! మా గోలీకి ఏం పెట్టకుండ్రి. దాని పానం మీదికొస్తది!"

"కుక్కకు బాలింత పథ్యమా?" అనేది ఎదురింటి వినోద. "నీకు పిల్లలైతే గా పిల్లలకు గాలి తినిపిస్తవేమో!"

గల్లీ గొల్లున నవ్వేది. అయినా అందరూ "అట్లనే బిడ్డా" అని తలూపేవాళ్లు.

మరి పెడుతున్నది ఎవరు?

స్నేహలతకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆఫీసు పని లాప్‌టాప్‌లోనే వదిలేసి, మెట్ల మలుపులో నక్కి కూర్చుంది.

దొరికాడు.

గేటు బయట ఒక ముసలాయన. మాసిన పంచె, భుజాన తువ్వాల. దవాఖానకు రోగులతో వచ్చిన ఊళ్లవాళ్లు ఈ గేటు పక్క గోడ నీడన కూర్చోవడం మామూలే. ఈయన ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టాడు. ఆ వేళ్లు గోలీ నోట్లో ఉన్నాయి. అరచేతిలో మలీద.

"ఓ తాతా!" స్నేహలత మెట్లు దూకినంత పని చేసింది. "ఏం పెడ్తున్నవు దానికి?"

ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. "అది గాదు బిడ్డా..."

"ఏది గాదు? చేతికి అంటుకునే ఉన్నది గదా! రోజూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్న, వినబడ్తలేదా?"

"వినబడ్తాంది బిడ్డా. అందుకే..."

"వినబడి గూడ పెడ్తున్నవా! కుక్కను సంపుదామనా? మల్ల ఈ గోడ కాడ కనబడకు!"

ముసలాయన ఆమె ముఖం వంక ఒక్కసారి చూశాడు. గోలీని చూశాడు. తువ్వాలతో చెయ్యి తుడుచుకుని, దవాఖాన వైపు నడిచిపోయాడు.

ఆ సాయంత్రం గోలీ కక్కలేదు. స్నేహలత శశాంక్ చేతులు పట్టుకుని గది నిండా గిరగిరా తిరిగింది.

మర్నాడు సాయంత్రానికి గోలీ లేవలేదు.

కక్కిన దాంట్లో ఈసారి కిస్మిస్ ఉంది. ఒకటి రెండు కాదు, గుప్పెడు.

డాక్టర్ సెలైన్ ఎక్కించి తల అడ్డంగా ఊపాడు. "కిడ్నీల సంగతి రేపటి టెస్టుల దాకా ఏం చెప్పలేను. ఇయ్యాల్నే తిన్నట్టుంది. ఎవరు పెట్టిండ్రు?"

స్నేహలతకు తెలుసు.

శశాంక్‌ను గోలీ దగ్గర ఉంచి ఆటో ఎక్కింది. కళ్లు తుడుచుకుంటూనే, అనబోయే మాటలన్నీ కూడబెట్టుకుంది. దవాఖాన గేటు దగ్గర వాచ్‌మన్‌ను నిలదీసింది.

"మాసిన పంచె, తువ్వాల... ముసలాయన. యాడున్నడు?"

"యాకయ్యనా? ఏటూరునాగారం ఆయన?" అన్నాడు వాచ్‌మన్. "పెండ్లామును డిశ్చార్జ్ చేసిండ్రు గదమ్మా. పొద్దుగాల మొదటి బస్సుకే పోయిండు."

"పొద్దుగాలనా?"

"నేనే ఆటో ఎక్కించిన."

 స్నేహలత గల్లీలోకి మెల్లగా నడిచింది.

గేటు దగ్గర లక్ష్మీనర్సమ్మ బతుకమ్మ కోసం తంగేడు పూలు సర్దుతోంది.

"గోలీకి ఎట్లున్నది బిడ్డా?"

"ఆంటీ... ఇయ్యాల దానికి మలీద ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరేంది, అందరం పెట్టినం. పండుగ పూట నోరులేని జీవి మనదిక్కే చూస్తాంటే ఎట్ల తింటం?" లక్ష్మీనర్సమ్మ నొచ్చుకుంటూ అంది. "పాపం, ఇయ్యాలనే కడుపునిండ తిన్నది. ఆ ముసలాయనను ఎల్లగొట్టి మంచిపని చేసినవు. ఆయన లేనప్పుడు ఏసిందే తప్ప, ఇన్ని దినాలు ఒక్క ముద్ద తిననియ్యలేదు దాన్ని. మేం ఏసుడే ఆలస్యం, 'ఆ బిడ్డ వద్దంటాంది గదమ్మా' అనుకుంట నోట్లకెళ్లి గుంజి తీసేటోడు."